ఒక ఆదివారం బజారుకి పోదాం: అమ్మడానికి కాదు, చూడటానికి

గెల కోసి లారీకి ఎత్తేవరకు మనకు తెలియని సంగతి లేదు. ఏ పిలక ఎప్పుడు నాటాం, ఎన్ని దఫాలు ఎరువు వేశాం, ఏ గాలికి ఎన్ని చెట్లు ఒరిగిపోయాయి, కౌలు ఎంత కట్టాం అని నిద్రలో లేపి అడిగినా రైతు చెబుతాడు. లారీ కదిలాక మాత్రం అంతా చీకటే. ఆ గెల ఎక్కడ దిగింది, ఎవరు మాగబెట్టారు, డజను ఎంతకు పోయింది, కొన్నావిడ ఏమని బేరమాడింది అన్నది మనలో ఎంతమందికి తెలుసు? కొనేవాడికి రెండు కొసలూ తెలుసు, మనకు ఒక కొసే తెలుసు. ధర దగ్గర మనం ఓడిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మిగతా కారణాల సంగతి ఎలా ఉన్నా, దీన్ని సరిచేసుకోవడం మన చేతుల్లోనే ఉంది.

అందుకే ప్రతి గ్రామ శాఖకూ ఒక సూచన. నెలకు ఒక ఆదివారం నలుగురు సభ్యులు పట్నం రైతు బజారుకి వెళ్ళాలి. సరుకు పట్టుకుని కాదు, ఉత్త చేతులతో, జేబులో ఒక చిన్న పుస్తకం, పెన్నుతో. తెల్లవారుజామున వెళ్ళి, బజారు మూసేదాకా ఉండి, చూసింది రాసుకుని, నెలవారీ సమావేశంలో చెప్పాలి. ఆదివారమే ఎందుకంటే ఉద్యోగస్తులు వారానికి సరిపడా కూరలు కొనేది ఆ రోజే. బజారు నిజరూపం రద్దీలోనే బయటపడుతుంది.

మన మురమళ్ళ నుండి ఇది పెద్ద ప్రయాణమేమీ కాదు. 216వ నంబరు జాతీయ రహదారి మీద ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటి, యానాం మీదుగా కాకినాడ చేరొచ్చు. గోదావరి దాటాలంటే పంటు కోసం కాచుక్కూర్చున్న రోజులు మన పెద్దవాళ్ళకు గుర్తే. వారధి వచ్చాక పట్నం మనకు దగ్గరయింది. మన సరుకు ధర మాత్రం పట్నం ధరకు దగ్గర కాలేదు. ఎందుకు కాలేదన్నది అక్కడ నిలబడి చూస్తేనే అర్థమవుతుంది.

బజారు ఏ మాట మీద పుట్టింది

రైతు బజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. అంతకు ముందే 1987లో పంజాబ్‌లో ‘అప్నీ మండీ’ పేరుతో ఇటువంటి ప్రయత్నం జరిగింది. మన తరవాత అదే ఏడాది నవంబరులో తమిళనాడు ప్రభుత్వం మధురైలో ‘ఉళవర్ సందై’ తెరిచింది. మూడింటిదీ ఒకటే ఆలోచన. పండించినవాడు, తినేవాడు ఎదురెదురుగా నిలబడితే మధ్యలో పోయేది ఇద్దరికీ మిగులుతుంది.

అందుకోసం పెట్టిన పద్ధతులు గుర్తు చేసుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ళ కూరగాయల రైతులను అధికారులు గుర్తించి ఫోటోతో కార్డులివ్వాలి. స్థలానికి అద్దె లేదు, కమీషన్ లేదు. కాటాలు బజారువే. సరుకుతో వచ్చే రైతుల కోసం ఆర్టీసీ బస్సులు నడపాలి. ప్రతి ఉదయం రైతులు, ఎస్టేట్ అధికారి కలిసి ధర నిర్ణయించి బోర్డు మీద రాయాలి. ఆ ధర టోకు ధర కంటే ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే తక్కువ ఉండాలి.

ఇది మంచి ఏర్పాటు. దీన్ని ఏ పార్టీ తెచ్చిందన్నది మనకు అక్కర్లేదు. పాతికేళ్ళు దాటినా జనం రోజూ అక్కడికి వస్తున్నారంటే అవసరమైన పనే జరిగిందన్నమాట. కాబట్టి మనం వెళ్ళేది తప్పులు పట్టడానికి కాదు. ఆ మాట ఎంతవరకు నిలబడిందో, ఎక్కడ జారిందో చూడటానికి.

ఏం చూడాలి

మొదట సరుకు దిగేటప్పుడు చూడండి. ఏ ఊరి నుండి, ఏ బండి మీద, ఎవరు తెచ్చారు? తన గంప తాను దించుకునేవాడెవరు, ఆటో దగ్గర నిలబడి పది గంపలు లెక్కపెట్టించుకునేవాడెవరు? ఆ తరవాత కొట్ల వంక చూడండి. ఒక బల్ల మీద దొండ, ఆనప, తోటకూర ఉంటే అది ఒక రైతు సరుకు కావచ్చు. అదే బల్ల మీద క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, అల్లం వరసగా పేర్చి ఉంటే మన డెల్టాలో ఏ ఒక్క చేనూ వాటన్నిటినీ కాయదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్థానికంగా పండని ఉల్లి, బంగాళాదుంప వంటివి స్వయం సహాయక సంఘాల మహిళల ద్వారా అమ్మించడం మొదటి నుండీ ఉన్న పద్ధతే. వాళ్ళను చూసి దళారులనకూడదు. అడగాల్సింది రైతు కార్డు మీద వేరొకరు కూర్చున్నచోట. రాష్ట్రంలో చాలాచోట్ల రైతు సంఘాలు ఏళ్ళ తరబడి చెబుతున్న ఫిర్యాదు ఇదే: కార్డు రైతుది, కొట్టు వ్యాపారిది.

తరవాత కొనేవాళ్ళను చూడండి. ఇది మనలో చాలామంది ఎన్నడూ చేయని పని. ఆనపకాయ పెద్దదైతే మనకు గొప్ప. ముగ్గురున్న ఇంట్లో ఆవిడ చిన్నకాయ కోసం గంపంతా తిరగేస్తుంది. బెండకాయ కొస విరిచి చూస్తుంది, విరగకపోతే వదిలేస్తుంది. కంద ముక్క కోసి ఇస్తే తీసుకుంటుంది, దుంప మొత్తం మోసుకెళ్ళదు. మనం వెయ్యి కాయల లెక్కన అమ్మే కొబ్బరి అక్కడ ఒక్కటొక్కటిగా పోతుంది. గుడికైతే పిలక ఉన్న కాయే కావాలంటారు. మనం గెల లెక్కన ఇచ్చిన అరటి అక్కడ డజను లెక్కన పోతుంది. లెక్క మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు పని చేశారు: ఒలిచారు, ఏరారు, కోశారు, మాగబెట్టారు. ఆ పనికి కూలి ఉంది, ఆ కూలి మీద లాభం కూడా ఉంది. ఏ పనికి ఎంత అన్నదే మనం రాసుకురావాల్సిన లెక్క.

ఆఖరున, మధ్యాహ్నం మిగిలిన సరుకు ఏమైందో చూడండి. తోటకూర కట్ట ఉదయం ధరకు, పన్నెండు గంటల ధరకు ఎంత తేడా? వాడిపోయింది ఎవరి ఖాతాలో పడింది? చల్లటి గది లేని బజారులో నష్టమంతా గంప తెచ్చినవాడిదే.

రైతు ఎందుకు వెనక్కి వచ్చేశాడు

కార్డులు వ్యాపారుల చేతికి పోయాయని తిట్టడం తేలిక. అసలు రైతు ఎందుకు వదిలేశాడో అడగాలి. లెక్క కోసం అనుకుందాం. ఒక రైతు 60 కిలోల బెండకాయలు పట్టుకెళ్ళాడు. ఊళ్ళో కొనేవాడికిచ్చే ధర కంటే కిలోకి 10 రూపాయలు ఎక్కువ వచ్చింది. అదనంగా దక్కింది 600. రానూపోనూ మనిషికీ గంపలకీ 150, టిఫినుకీ భోజనానికీ 80, పొలంలో తన బదులు పెట్టిన మనిషి కూలి 500. మొత్తం 730. రోజంతా నిలబడి, అరిచి, 130 రూపాయలు చేతి నుండి పెట్టుకుని ఇంటికొచ్చాడు. నాలుగోరోజు అతను వెళ్ళడు. కార్డు ఇంట్లో ఉంటుంది. ఎవరో వచ్చి ‘ఆ కార్డు నాకియ్యి, నెలకింత ఇస్తా’ అంటే ఇచ్చేస్తాడు. ఇది దొంగతనంగా మొదలైన సంగతి కాదు, గిట్టకపోవడం వల్ల మొదలైంది.

అదే లెక్క అయిదు కుటుంబాలు కలిసి వేస్తే వేరుగా ఉంటుంది. అయిదు రకాల కూరలు, మొత్తం 300 కిలోలు. అదనంగా వచ్చేది 3,000. చిన్న వ్యాను బాడుగ 1,000, ఇద్దరు మనుషుల కూలి 1,000, తిండికి 160. ఖర్చు 2,160 పోగా 840 మిగిలింది, కుటుంబానికి 168. పెద్ద మొత్తం కాదు, కాని ఎదురు పెట్టుకోవాల్సిన పని తప్పింది. ముగ్గురు మనుషులు పొలంలో ఉండిపోయారు. ఊళ్ళో కొనేవాడికి ‘మాకు వేరే దారి ఉంది’ అని తెలిసింది. ఆ ఒక్కటీ తెలిస్తే అతను చెప్పే ధర కూడా కదులుతుంది. అంకెలు మీ ఊరివి వేసుకుని చూడండి. ఒంటరిగా వెళ్ళడానికి, వంతులవారీగా వెళ్ళడానికి ఉన్న తేడా మాత్రం మారదు.

31 రూపాయల అరటి

రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో కొన్ని పరిశోధన పత్రాలు వెలువరించింది. తినేవాడు పెట్టే నూరు రూపాయల్లో రైతుకు ఎంత చేరుతున్నదో వాటిలో లెక్కగట్టారు. టమాటాలో 33, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37. పండ్లలో మామిడికి 43, ద్రాక్షకు 35, అరటికి 31. వీటన్నిటిలో అడుగున ఉన్నది అరటే, అంటే మనమే. రావులపాలెం యార్డుకి గెలలు తోలే ప్రతి రైతూ ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

అదే పత్రాల ప్రకారం పాలల్లో రైతు వాటా సుమారు 70, కోడిగుడ్లలో సుమారు 75. పాలు అరటి కంటే త్వరగా పాడవుతాయి, గుడ్డు పట్టుకుంటే పగులుతుంది. అయినా వాటా రెట్టింపుకు మించి ఉంది. పాలకు ఊరూరా సేకరణ కేంద్రాలున్నాయి, వెన్న శాతం కొలిచి డబ్బు కట్టే పద్ధతి ఉంది, దేశమంతా సహకార సంఘాలున్నాయి. గుడ్లకు 1982లో ఏర్పడిన జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ ఉంది. గుడ్డు ధర ఇంత అని రోజూ ప్రకటించేది పెంపకందార్ల సంస్థే. కోళ్ళ ఫారాలు పెద్దవాళ్ళవి, మనలాగా అరెకరం కౌలుదార్లవి కావన్నది నిజమే. అయినా ధర చెప్పే నోరు పండించేవాడి వైపు ఉంటే వాటా ఎలా ఉంటుందో అది చూపిస్తోంది. అరటికి అటువంటి నోరు లేదు.

అరటిలో మిగతా 69 రూపాయలూ దోపిడీయే అని మనం చెప్పనక్కర్లేదు, చెబితే ఎవరూ నమ్మరు. లారీ బాడుగ, హమాలీ, కమీషన్, మాగబెట్టే గది, దారిలో నలిగిపోయిన కాయ, కొట్టు అద్దె, బండి మీద అమ్మే మనిషి రోజుకూలి అన్నీ అందులోనే ఉన్నాయి. వీటిలో మాగబెట్టే పనిని గమనించండి. కార్బైడుతో మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువుతో, తగిన మోతాదులో, గదుల్లో మాగబెట్టడానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతి ఉంది. ఆ గది పట్నంలోనే ఉండాలన్న నియమమేమీ లేదు. రైతుల సంఘం చేతిలో, మన మండలంలో ఒక గది ఉంటే, పచ్చి గెలతోపాటు పండు అత్తం కూడా మనమే అమ్మొచ్చు. పట్నం వెళ్ళి చూడమనేది ఇందుకే. 69 రూపాయల్లో ఏ పని మనం చేయగలమో, ఏ పని మన వల్ల కాదో కళ్ళతో చూసి తేల్చుకోవాలి.

బోర్డు మీద లేని అంకె

రైతు బజారు బోర్డు మీద కిలో ధర ఉంటుంది. దాన్ని పండించడానికి అయిన ఖర్చు ఉండదు. టోకు ధర పడిపోతే బోర్డు ధర కూడా పడిపోతుంది. రైతు బజారులో అమ్మినంత మాత్రాన నష్టం రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

2023 జులైలో టమాటా కిలో నూరు దాటినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కొని తెచ్చి రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. తినేవాడి కోసం చేసింది, మంచిపనే. మరి పత్తికొండలో అదే టమాటా కిలో రూపాయికి పడిపోయి రైతు రోడ్డు మీద పారబోసినప్పుడు ఇంత వేగంగా కదలిక ఎందుకు రాదు? ధర పెరిగితే వారంలో రంగంలోకి దిగే యంత్రాంగం, ధర పడితే నివేదికలు రాసుకుంటూ కూర్చుంటుంది. ఆ బోర్డు కిందనే ఇంకో బోర్డు పెట్టమని మనం అడగాలి. ఈ రోజు ఈ సరుకుకి రైతుకు పొలం దగ్గర దక్కింది ఇంత, పండించడానికి అయింది ఇంత. తినేవాళ్ళు చదువుతారు. చదివినవాళ్ళు మన పక్షాన మాట్లాడతారు.

ఎందుకంటే కొనేవాళ్ళు మన శత్రువులు కారు. ‘కూరలు కొనలేకపోతున్నాం’ అని ఆవిడ అనడమూ నిజమే, ‘అమ్మితే కూలి ఖర్చు రావట్లేదు’ అని మనం అనడమూ నిజమే. తెల్లవారుజామున అప్పు తెచ్చి సరుకు కొని, సాయంత్రానికి వడ్డీతో కట్టే తోపుడుబండి మనిషి కూడా మన శత్రువు కాదు. అతనిదీ రెక్కల కష్టమే. ఒక రోజు వాళ్ళ మధ్య గడిపితే ఎవరి మీద కోపం పెట్టుకోవాలో, ఎవరి మీద పెట్టుకోకూడదో తేలుతుంది.

రైతు బజారు సర్వరోగ నివారిణి కాదన్న మాట కూడా చెప్పుకోవాలి. వరికి అది పనికిరాదు. 2011 ఖరీఫ్‌లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టినప్పుడు కారణం కూరగాయల ధర కాదు. సాగు ఖర్చుకు, ధాన్యం ధరకు పొంతన లేకపోవడం. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేయాల్సి వచ్చింది. ఆ సమస్యకు మందు మద్దతు ధర, సకాలంలో కొనుగోలు, మురుగు కాలువల బాగు. కొబ్బరి సంగతీ అంతే. అంబాజీపేటలో ధర పడితే ఆదివారం బజారులో పది కాయలు అమ్మి తోట నిలబెట్టుకోలేం. ‘మీకు రైతు బజార్లున్నాయి కదా’ అని ఎవరైనా అంటే, అది కూరగాయలకు మాత్రమే జవాబని, అదీ సగం జవాబేనని చెప్పగలగాలి.

మనం అడగాల్సింది, చేయాల్సింది

మొదటిది, కార్డుల తనిఖీ. ఈ-పంట నమోదులో ఉన్న పంటకీ, బల్ల మీద ఉన్న సరుకుకీ పొంతన ఉందో లేదో చూడటం ఈ రోజుల్లో కష్టమేమీ కాదు. తనిఖీ సంఘంలో రైతుల ప్రతినిధి ఉండాలి.

రెండవది, కౌలు రైతుకు కార్డు. మన లంకల్లో కూరగాయలు పండించేది ఎక్కువగా కౌలుదార్లే. పట్టాదారు పుస్తకం అడిగితే వాళ్ళు గేటు దగ్గరే ఆగిపోతారు. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగు హక్కు పత్రం చూపినా, అదీ లేనిచోట గ్రామంలో విచారించి అయినా, కార్డు ఇవ్వాలి.

మూడవది, తెల్లవారుజామున సరుకుతో ఎక్కనిచ్చే బస్సు. బజారు తెరిచే వేళకు చేరని బస్సు రైతుకు ఎందుకూ కొరగాదు.

నాలుగవది, మిగిలిన సరుకు దాచుకోవడానికి ప్రతి పెద్ద బజారులో చల్లటి గది. అది లేనంతకాలం మధ్యాహ్నం పన్నెండు తరవాత ధర చెప్పేది కొనేవాడే.

అయిదవది, ధర పడినప్పుడు కూడా ప్రభుత్వం కొనుగోలుకు దిగాలి. ఏ ధర దగ్గర దిగుతారో సీజను మొదట్లోనే ప్రకటించాలి.

ఇవి అడగాల్సినవి. చేయాల్సింది మన దగ్గరే ఉంది. గ్రామ శాఖలో అయిదేసి కుటుంబాలు జట్టుగా ఏర్పడి, వంతులవారీగా వెళ్ళడానికి సిద్ధపడాలి. దానికి ముందు ఆ ఆదివారం ప్రయాణం జరగాలి. వెళ్ళే నలుగురిలో ఇద్దరు మహిళలుండాలి. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, వాళ్ళ మాట ఆడవాళ్ళకే త్వరగా అందుతుంది. ఒకరు యువకుడైతే మంచిది, ఒకరు కౌలు రైతై తీరాలి.

పుస్తకంలో రాసుకోవాల్సినవి ఇవి: పది రకాల సరుకుకి ఉదయం ఆరు గంటల ధర, పది గంటల ధర, పన్నెండు గంటల ధర. అదే రోజు మన ఊళ్ళో రైతుకిచ్చిన ధర. ముప్పై కొట్లలో స్వయంగా పండించినవాళ్ళు కూర్చున్నవి ఎన్ని. కొనేవాళ్ళు పదిమందిని అడిగితే ‘ఏం దొరకట్లేదు, ఏది బాగోలేదు’ అని చెప్పిన మాటలు. మిగిలిన సరుకు ఎక్కడికి పోయింది. ఇంతే. పెద్ద చదువు అక్కర్లేదు.

మడికి మార్కెట్‌కీ, రావులపాలెం యార్డుకీ ఇలాగే వెళ్ళొచ్చు. కాని ముందు చివరి కొస చూడాలి. అక్కడి నుండి వెనక్కి నడుచుకుంటూ వస్తే మన రూపాయి ఎక్కడెక్కడ ఆగిపోయిందో వరసగా కనపడుతుంది. మూడు నెలలు నాలుగైదు శాఖలు ఈ లెక్కలు తెస్తే కలెక్టరు దగ్గరకు ఉత్త వినతిపత్రం కాకుండా అంకెలు పట్టుకెళ్ళొచ్చు. అధికారులు మన ఆవేదనను విని ఊరుకోగలరు. తేదీతో, ధరతో, కొట్టు లెక్కతో రాసిన కాగితానికి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ శాఖా కనీసం ఒక ఆదివారం లెక్క తీసుకురావాలి.